పిల్లలకు వయొలిన్ మొదలుపెడితే ఇంట్లో జరగాల్సిన పని

పిల్లల్ని వయొలిన్ క్లాసులో చేర్పించేటప్పుడు తల్లిదండ్రులు సాధారణంగా మూడు ప్రశ్నలు అడుగుతారు. ఏ వయసులో మొదలుపెట్టాలి, ఎలాంటి వయొలిన్ కొనాలి, ఒక పాట వాయించడానికి ఎన్నాళ్లు పడుతుంది. ఇంట్లో రోజూ పిల్లల పక్కన ఎవరు కూర్చుంటారన్నది మాత్రం చర్చకే రాదు. పై మూడింటికీ జవాబు చాలావరకు దీన్ని బట్టే ఉంటుంది. క్లాసులు వారానికి ఒకటో రెండో, ఒక్కోటి అరగంటో ముప్పావుగంటో. గురువు సరిచేసిన మోచెయ్యి, ఇంట్లో ఎవరూ చూడకపోతే రెండో రోజుకే పాత చోటికి వెళ్లిపోతుంది. వచ్చే వారం గురువు మళ్లీ ఆ మోచేతి దగ్గరే మొదలుపెట్టాల్సి వస్తుంది. ఏడాది గడిచినా తొలి పాఠాల్లో ఒకటైన జంట స్వరాలు దాటలేని పిల్లల్లో చాలామంది సంగతి ఇదే. దాన్ని ప్రతిభ లేకపోవడం అనుకోవడం అన్యాయం.

కర్ణాటక సంగీతంలో వయొలిన్ ఎలా పెరిగిందో చూస్తే ఇంటి పాత్ర ఎంతటిదో అర్థమవుతుంది. లాల్గుడి జయరామన్ తండ్రి గోపాల అయ్యర్ దగ్గర, ఎం.ఎస్. గోపాలకృష్ణన్ తండ్రి పరూర్ సుందరం అయ్యర్ దగ్గర నేర్చుకున్నారు. ఎల్. సుబ్రహ్మణ్యం, ఆయన అన్నదమ్ములకు తండ్రి వి. లక్ష్మీనారాయణే గురువు. మైసూరు నాగరాజ్, మంజునాథ్‌లకూ అంతే, తండ్రి మహాదేవప్ప నేర్పారు. తెలుగునాట ద్వారం వారి కుటుంబం ఉంది. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల మొదలైనప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు అధ్యక్షులైతే, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు ఆచార్యులయ్యారు. విద్యార్థిగా చేరదామని వెళ్లిన ఆయన్ని గురువుగా కూర్చోబెట్టారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన తర్వాత కూతురు మంగతాయారు గారితో సహా ఆ ఇంట్లో ఫిడేలు పట్టినవాళ్లు చాలామందే.

ఇలాంటి ఇళ్లలో గురువు, తండ్రి ఒక్కరే. పిల్లాడు వరండాలో కూర్చుని గాంధారం (గ స్వరం) తగ్గించి పలికిస్తే లోపలి గదిలో ఉన్న తండ్రికి వెంటనే తెలిసిపోయేది. క్లాసు, సాధన అని రెండు వేరువేరు పనులుండేవి కావు. ఇవాళ పిల్లల్ని చేర్పిస్తున్న తల్లిదండ్రుల్లో చాలామందికి మొట్టమొదటి పాఠాలైన సరళీ స్వరాలు కూడా రావు. వాళ్ల కొలువు వేరు, చదివిన చదువు వేరు. సంగీతం రానివాళ్లు ఇంట్లో ఆ చోటును ఎలా భర్తీ చెయ్యాలి? అసలు చెయ్యగలరా?

చెయ్యగలరని గట్టిగా నమ్మి, దాని చుట్టూ ఒక పద్ధతి కట్టినవాడు జపాన్‌కు చెందిన షినిచి సుజుకి. 1898లో నగోయాలో పుట్టారు. తండ్రిది వయొలిన్ల ఫ్యాక్టరీ. బెర్లిన్‌లో చదువుకుని తిరిగొచ్చి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మత్సుమోతో పట్టణంలో పసిపిల్లలకు నేర్పడం మొదలుపెట్టారు. జపాన్‌లో పుట్టిన ప్రతి బిడ్డా జపనీస్ భాషను తేలిగ్గా మాట్లాడుతోంది కదా, సంగీతం మాత్రం కొందరికే ఎందుకు రావాలి అన్నది ఆయన ప్రశ్న. అమ్మ మాట బిడ్డ చెవిన పడినట్టే వాయించాల్సిన పాట కూడా రోజూ చెవిన పడాలి, ఇంట్లో ఒకరు పక్కన ఉండాలి, వచ్చిన పాటను వదిలెయ్యకుండా మళ్లీ మళ్లీ వాయించాలి అన్నారు. మొదట తల్లికే ఒక చిన్న పాట నేర్పి, అమ్మ వాయిస్తుంటే చూసిన బిడ్డ తనకూ కావాలని అడిగేదాకా ఆగేవారు. తల్లి ప్రతి క్లాసుకూ వచ్చి నోట్సు రాసుకోవాలి. 1964లో ఆయన శిష్యులైన పిల్లలు అమెరికా వెళ్లి వాయించాక ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది.

సుజుకి పుస్తకాల్ని యథాతథంగా మన సంగీతానికి తెచ్చుకోలేం. అందులో ఉన్నవి పాశ్చాత్య రచనలు, స్వరాన్ని ఊపి పలికించే మన గమకాలకు అక్కడ చోటు లేదు. తల్లిదండ్రుల గురించి ఆయన చెప్పింది మాత్రం మనకూ పనికొస్తుంది. ఆ విషయంలో తెలుగు ఇళ్లకు మరో అనుకూలత కూడా ఉంది. త్యాగరాజు, అన్నమయ్య, రామదాసు కీర్తనల్లో మాటలు తెలుగు పిల్లలకు అర్థమయ్యే మాటలే. పొద్దున్న వంటింట్లో ఫోన్‌లో వినిపించే కీర్తన, సాయంత్రం అమ్మమ్మ కూనిరాగం పిల్లల చెవిలో పడుతూనే ఉంటాయి. వయొలిన్ పట్టకముందే సగం పని అక్కడ జరుగుతుంది.

చెవి గురించి ఇంతగా చెప్పుకోవడానికి కారణం ఉంది. వయొలిన్‌కు వీణలాగా మెట్లు ఉండవు. వేలు ఎక్కడ పెడితే స్వరం అక్కడ పలుకుతుంది. వేలు ఒక్క మిల్లీమీటరు జరిగితే చాలు, శ్రుతి తేడా వినబడుతుంది. ఆ తేడా పట్టే చెవి లేకపోతే వేలికి ఎటు జరగాలో తెలీదు. అందుకే మంచి గురువులు ముందు కొన్నాళ్లు పాడిస్తారు. పిల్లలు స, ప, పై స తంబురాతో కలిపి నిలకడగా పాడగలిగితే చేతికి కమాను (తీగల మీద నడిపే విల్లు) ఇవ్వడానికి సమయం వచ్చినట్టే. ఐదేళ్లకే తొందరపడేకంటే ఆరేళ్ల దాకా పాట, తాళం మీద ఉంచి, ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య వయొలిన్ మొదలుపెట్టడం చాలా ఇళ్లకు కుదురుతుంది. అంతకంటే ముందు మొదలుపెట్టిన పిల్లలూ ఉన్నారు. వాళ్ల పక్కన సాధారణంగా సంగీతం తెలిసిన పెద్దవాళ్లెవరో రోజూ ఉండి ఉంటారు.

మొదటి పాఠమైన సరళీ స్వరాలు మాయామాళవగౌళ రాగంలో ఉంటాయి. ఈ రాగం వయొలిన్ మీద ఎలా అమరుతుందో తల్లిదండ్రులు ఒక్కసారి చూసి అర్థం చేసుకుంటే ఇంట్లో సగం గొడవలు తగ్గుతాయి. మన పద్ధతిలో నాలుగు తీగలూ లావు తీగ నుంచి సన్న తీగ దాకా వరుసగా స, ప, స, ప అని శ్రుతి చేస్తారు. చివరి రెండు తీగల మీద మొత్తం సరళీ స్వరం వచ్చేస్తుంది. స తీగను వేలు పెట్టకుండా వాయిస్తే స. చూపుడు వేలికి రి, మధ్య వేలికి గ, ఉంగరపు వేలికి మ. తర్వాత ప తీగ వట్టిదే ప. దాని మీద అవే మూడు వేళ్లు, అవే చోట్ల పెడితే ద, ని, పై స. స నుంచి మ దాకా ఉన్న దూరాలే ప నుంచి పై స దాకా మళ్లీ వస్తాయి. ఒక తీగ మీద చెయ్యి కుదిరితే రెండోదాని మీదా కుదిరినట్టే.

చిక్కల్లా రి, గ మధ్య ఉంది. ఈ రాగంలో రి శుద్ధ రిషభం, స పక్కనే ఉంటుంది. గ అంతర గాంధారం, చాలా పైన ఉంటుంది. పెద్దవాళ్ల వయొలిన్ మీద ఆ రెండు వేళ్ల మధ్య దూరం సుమారు నాలుగున్నర సెంటీమీటర్లు. గ, మ మధ్య మాత్రం రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. అంటే చూపుడు వేలు, మధ్య వేలు బాగా విడిపోవాలి, మధ్య వేలు, ఉంగరపు వేలు అతుక్కుని ఉండాలి. ఏడేళ్ల చేతికి ఇది కష్టం. మధ్య వేలు అక్కడిదాకా చేరక కింద ఆగిపోతుంది, గాంధారం తగ్గుతుంది. ఇంట్లో వినేవాళ్లకు ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది, అదేమిటో చెప్పలేరు. పిల్లలు శ్రద్ధ పెట్టడం లేదని విసుక్కుంటారు. అప్పుడు చూడాల్సింది వేలి దూరం, ఆ తర్వాత వయొలిన్ సైజు.

ఎలాగూ ఎదుగుతారు కదా, ఒకేసారి పెద్దది కొంటే పోతుందనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. చెప్పులో బట్టలో అయితే ఆ లెక్క నడుస్తుందేమో, వయొలిన్ దగ్గర నడవదు. 1/4 సైజు అంటే పొడవులో పావు వంతు కాదు. ఫుల్ సైజు వయొలిన్ ఒళ్లు సుమారు 35 సెంటీమీటర్లుంటే 1/4ది సుమారు 28. దాని మీద పైన చెప్పిన రి, గ దూరం మూడున్నర సెంటీమీటర్ల దగ్గరికి వస్తుంది. ఆ ఒక్క సెంటీమీటరే గాంధారం పలకడానికీ తగ్గిపోవడానికీ తేడా. ఆరేడేళ్ల పిల్లల్లో ఎక్కువమందికి 1/4, తర్వాత 1/2, పదేళ్ల అటూఇటూ 3/4 సరిపోతాయి. వయసు కంటే చెయ్యి పొడవే ముఖ్యం కాబట్టి గురువుకు చూపించి కొనాలి. చిన్న సైజులు వాడినవి దొరికితే నిశ్చింతగా తీసుకోవచ్చు. ఆ గురువు దగ్గరే పై సైజుకు మారిన పిల్లలు ఉంటారు, వాళ్ల పాత వయొలిన్ ఏదో ఒక బీరువా పైన పడి ఉంటుంది. తక్కువ ధరకు దొరికే బొమ్మలాంటి వయొలిన్లకు మాత్రం దూరంగా ఉండటం మంచిది. తీగలు బిగించే బిరడాలు వాటికి నిలవవు, తీగల్ని మోసే బ్రిడ్జి ఎత్తుగా ఉండి తీగ నొక్కడానికే బలం చాలదు. పిల్లలు తమ చెయ్యే మంచిది కాదనుకుంటారు.

వాయిద్యాన్ని చూసుకోవడం మొదట్లో పూర్తిగా పెద్దల పని. సాధన అయ్యాక కమాను వెంట్రుకలు వదులు చెయ్యాలి. రోజిన్ (వెంట్రుకలు తీగను పట్టేలా చేసే గట్టి బంక) రాయాలి, అలాగని రోజూ దట్టంగా రాయకూడదు. వెంట్రుకల్ని వేళ్లతో తాకకూడదు. మన ఇళ్లలో ఇంకొకటి ప్రత్యేకంగా చూసుకోవాలి. తలకు కొబ్బరినూనె రాసి జడ వేశాక పాప అదే చేత్తో కమాను పట్టుకుంటే వెంట్రుకలకు జిడ్డు అంటుతుంది. అక్కడ తీగను పట్టదు, జారుతుంది, శబ్దం రాదు. ఎంత రోజిన్ రాసినా లాభం ఉండదు. జడ వేసినవాళ్లు చెయ్యి కడుక్కునే శ్రుతి చెయ్యాలి, పాప కూడా చేతులు కడుక్కునే కూర్చోవాలి.

శ్రుతి చెయ్యడం కూడా తల్లిదండ్రులు నేర్చుకోవాల్సిందే. మొదటి ఏడాది రెండేళ్లు పిల్లలకు బిరడాలు తిప్పే బలం, అంచనా ఉండవు. గురువు చెప్పిన శ్రుతి తంబురా యాప్‌లో పెట్టుకుని, వయొలిన్ కింది భాగంలో ఉండే చిన్న మరలైన ఫైన్ ట్యూనర్లతో సన్నగా సరిచెయ్యడం ఎవరికైనా రెండు మూడు వారాల్లో పట్టుబడుతుంది. శ్రుతి తప్పిన వయొలిన్ మీద గంటసేపు సాధన చేయిస్తే చెవి ఆ తప్పుకే అలవాటు పడుతుంది. దానికంటే ఆ రోజు పాడించి ఊరుకోవడం మేలు.

ఇక అసలు సాధన. ఆరేడేళ్ల పిల్లలకు రోజుకు 15 నిమిషాలు చాలు, రోజూ జరగాలి అంతే. ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టి మిగతా రోజులు వదిలేస్తే చెయ్యి ప్రతి ఆదివారం కొత్తగా మొదలుపెడుతుంది. వేళ కూడా ఒకటే ఉంటే మంచిది. స్కూల్ నుంచి వచ్చి, ఏదైనా తిని, హోంవర్క్‌కు ముందు అనుకుంటే అదే వేళ. పిల్లలు చాప మీద కూర్చుని, వయొలిన్ తలభాగాన్ని కుడి పాదం మీద, వెనక భాగాన్ని ఎడమ భుజం దగ్గర ఆనించుకుంటారు. తంబురా వినిపిస్తుండగా మొదటి మూడు నాలుగు నిమిషాలు వేళ్లు పెట్టకుండా వట్టి స తీగ మీద కమాను. నాలుగు అక్షరాలు (తాళం లెక్కలు) పైకి, నాలుగు కిందికి. పక్కన కూర్చున్నవాళ్లు చేత్తో తాళం వేస్తే చాలు. అప్పుడు చూడాల్సింది ఒక్కటే, కమాను బ్రిడ్జికీ, వేళ్లు పెట్టే ఫింగర్ బోర్డుకూ మధ్య ఒకే దారిలో నడుస్తోందా, పక్కకు జారుతోందా అని. సంగీతం అక్షరం రానివాళ్లు కూడా కంటితో చూసి చెప్పగల విషయం ఇది. తర్వాత ఈ వారం పాఠం, ముందు పాడి, ఆ తర్వాత వాయించి. చివర్న పాత పాఠాల్లో పిల్లలకు ఇష్టమైనది ఒకటి. ఇష్టమైనది చివర్న ఉంచితే మర్నాడు కూర్చోవడానికి పేచీ తగ్గుతుంది.

ఈ 15 నిమిషాల్లో పెద్దవాళ్లు ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. మోచెయ్యి, మణికట్టు, గాంధారం, తాళం, వీపు అన్నీ ఒకేసారి చెబితే పిల్లలకు ఏదీ అందదు. గురువు ఈ వారం దేన్ని పట్టించుకోమన్నారో అదొక్కటే చూడాలి. అది మణికట్టు అయితే గాంధారం తగ్గినా ఆ రోజుకు వదిలెయ్యాలి. "తప్పు, మళ్లీ వాయించు" అనేకంటే "ఒకసారి గ పాడు, ఇప్పుడు వాయించు, రెండూ ఒకటేనా?" అని అడిగితే తప్పు పట్టే పని పిల్లల చెవికే వెళ్తుంది. తల్లిదండ్రులకు స్వరం తెలియకపోయినా ఈ ప్రశ్న అడగొచ్చు.

క్లాసులో వాళ్ల పని ఇంకా తక్కువ. కూర్చోవచ్చా అని గురువును ముందే అడగాలి. కొందరు గురువులకు పెద్దవాళ్లు ఉంటే ఇబ్బంది, వాళ్ల మాట వినాలి. ఒప్పుకుంటే వెనక కూర్చుని పుస్తకంలో రెండు మూడు మాటలు రాసుకోవాలి, అనుమతితో పాఠాన్ని రికార్డు చేసుకోవాలి. గురువు అడిగిన ప్రశ్నకు వెనక నుంచి జవాబు అందించడం, "ఇంట్లో బాగానే వాయించింది సార్" అనడం పిల్లల్ని చిన్నబుచ్చుతాయి. క్లాసులో ఒక్కరే గురువు ఉండాలి.

మన ఇళ్లలో ఈ పక్కన కూర్చునే పని ఎక్కువగా తల్లి మీదే పడుతుంది. వంట, ఉద్యోగం, హోంవర్క్ తర్వాత ఇదొకటి చేరితే అది ఎక్కువ రోజులు నడవదు. తండ్రి రోజూ చెయ్యగలిగితే తండ్రే చెయ్యాలి, ఇద్దరూ వంతులు వేసుకున్నా పర్లేదు. తాతయ్యో నాయనమ్మో కూర్చుంటే ఇంకా మంచిది, వాళ్లకు ఓపిక ఎక్కువ. కాకపోతే క్లాసులో కూర్చున్నవాళ్లకూ ఇంట్లో కూర్చునేవాళ్లకూ మధ్య ఆ పుస్తకం తిరగాలి.

చుట్టాలొచ్చినప్పుడు "ఏదీ, ఒక పాట వాయించు" అనడం ప్రేమతోనే. సరళీ స్వరాల్లో ఉన్న పిల్లలకు అది పరీక్షలా ఉంటుంది. సినిమా పాట ఎందుకు రాదని ఎవరో అడుగుతారు, మర్నాడు తల్లిదండ్రులు గురువును అదే అడుగుతారు. గురువు కూడా తలొగ్గి ఒక పాట నేర్పేస్తే చెయ్యి కుదరకుండానే పాటలు పోగవుతాయి. అన్నీ ఒకే తప్పుతో ఉంటాయి. పిల్లలు తమంతట తాము వాయిస్తానంటే వినాలి, చప్పట్లు కొట్టాలి. అడిగి వాయింపించాల్సిన అవసరం మొదటి రెండేళ్లలో లేదు. టీవీ పోటీలు, పక్కింటి పాప ఎక్కడిదాకా వచ్చిందన్న లెక్కలు అసలే వద్దు. ఆ టెన్షన్ మొదట మెడలో, భుజంలో కనిపిస్తుంది, తర్వాత వయొలిన్ పెట్టె తెరవడానికే పిల్లలు వెనకాడతారు.

ఊళ్లో గురువు దొరక్క ఆన్‌లైన్‌లో నేర్చుకునే పిల్లలకు పక్కన పెద్దవాళ్లు ఉండటం తప్పనిసరి. గురువు తన చేత్తో మోచెయ్యి పట్టి సరిచెయ్యలేరు కాబట్టి ఆ చెయ్యి తల్లిదండ్రులదే కావాలి. ఫోన్‌ను ముఖానికి ఎదురుగా పెడితే చెయ్యి కనిపించదు. కుడి చెయ్యి, కమాను, బ్రిడ్జి మూడూ కనబడేలా కాస్త పక్కన, కింద పెట్టాలి. ఇలాంటి కాల్స్‌లో చుట్టుపక్కల రొదను తగ్గించే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. అది మనిషి మాట తప్ప నిలకడగా వచ్చే శబ్దాన్ని రొద కింద లెక్కగట్టి నొక్కేస్తుంది. పొడవైన కమాను, తంబురా రెండూ దాని బారిన పడతాయి. దాన్ని ఆపేస్తేనే గురువుకు స్వరం స్వరంగా వినిపిస్తుంది.

అమెరికాలో పెరిగే తెలుగు పిల్లలకు ఇంకో సమస్య. అక్కడ చాలా స్కూళ్లలో నాలుగో ఐదో తరగతి నుంచి ఆర్కెస్ట్రా ఉంటుంది. స్కూల్లో కుర్చీలో కూర్చుని, గడ్డం కింద పెట్టి పాశ్చాత్య వయొలిన్. ఇంటికొచ్చాక నేల మీద కూర్చుని కర్ణాటకం. రెండూ నేర్చుకోవచ్చు, రెండూ ఒకదానికొకటి సాయం చేస్తాయి కూడా. ఒకే వయొలిన్‌తో మాత్రం కుదరదు. అక్కడ తీగలు జీ, డీ, ఏ, ఈ, ఒక్కో తీగకూ మధ్య సమాన దూరం. మన స, ప, స, పకు మార్చాలంటే తీగల్ని రోజూ వదులు చేసి బిగించాలి. తీగలు తెగుతాయి, శ్రుతి నిలవదు, చెవీ తికమకపడుతుంది. రెండు వయొలిన్లు పెట్టుకోవడమే దారి. స్కూల్ ఇచ్చేది ఒకటి, ఇంట్లో కర్ణాటకానికి శ్రుతి చేసి ఉంచేది ఒకటి.

వీణ ఎంచుకున్న ఇళ్లలో లెక్క కొంచెం వేరు. మెట్లు ఉంటాయి కాబట్టి స్వరం చోటు వెతుక్కోవక్కర్లేదు, తల్లిదండ్రులకూ ఏది ఎక్కడో కంటికి కనిపిస్తుంది. బరువు, పొడవు మాత్రం చిన్నపిల్లలకు అందవు. ఎనిమిది తొమ్మిదేళ్లకు మొదలుపెట్టడం నయం. మొదటి నెలల్లో ఎడమ చేతి వేళ్లు తీగ ఒరిపిడికి మండుతాయి. చర్మం గట్టిపడేదాకా సాధన చిన్న ముక్కలుగా ఉండాలి, అది సాకు అనుకోకూడదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకర్రతో చేసే వీణ తెచ్చుకున్నా, మరెక్కడిదైనా, మెట్లు మైనం మీద నిలబెట్టి ఉంటాయి. ఎండలో నిలిపిన కారులో వీణను వదిలితే మైనం మెత్తబడి మెట్లు కదిలిపోతాయి. వాటిని తిరిగి నిలబెట్టడం తెలిసినవాళ్లు ఊరికి ఒకరిద్దరు కూడా ఉండరు.

అన్నీ సవ్యంగా సాగిన ఇంట్లో కూడా ఏడెనిమిది తరగతుల దగ్గర ఒక ఒత్తిడి వస్తుంది. ఫౌండేషన్ కోర్సులు, ట్యూషన్లు మొదలై మొదట పోయేది వయొలిన్ క్లాసే. అప్పటికి చిన్న పాటల్లాంటి గీతాలు దాటి, పెద్ద రచనలైన వర్ణాల్లోకి వచ్చిన పిల్లలు మానేస్తే చాలా బాధ కలుగుతుంది, ఎందుకంటే వాయించడంలో సంతోషం మొదలయ్యేది అక్కడే. క్లాసును రెండు వారాలకొకటి చేసినా, రోజుకు పది నిమిషాలకు తగ్గించినా పర్లేదు, పూర్తిగా ఆపకూడదు. పది నిమిషాల చెయ్యి సెలవుల్లో తిరిగి పుంజుకుంటుంది. రెండేళ్లు పెట్టెలో ఉన్న వయొలిన్‌ను బయటికి తీసే పిల్లలు తక్కువ. ఇష్టం నిలిచినవాళ్లకు విజయనగరం, విజయవాడ, హైదరాబాద్, తిరుపతి సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు ఉన్నాయి.

పెద్దవాళ్లు పక్క నుంచి లేవాల్సిన సమయం కూడా దాదాపు అప్పుడే వస్తుంది. ఒక్కసారిగా లేవడం కంటే పనులు ఒక్కొక్కటే వదలడం మంచిది. ముందు నోట్సు పుస్తకం పిల్లల చేతికి ఇవ్వాలి. తర్వాత ఏ పాఠం ఎంతసేపన్నది వాళ్లే నిర్ణయించుకోవాలి. శ్రుతి చెయ్యడం చివర్న అప్పగించాలి. మొదట ఫైన్ ట్యూనర్లు, కొన్ని నెలలకు బిరడాలు. నేర్చుకునేటప్పుడు ఒకటి రెండు తీగలు తెగుతాయి కాబట్టి సన్న తీగ ఒకటి అదనంగా పెట్టెలో ఉండాలి, తెగితే కొత్తది ఎక్కించుకోవడం కూడా వాళ్లకే నేర్పాలి.